సి నిండింది, డి ఖాళీ: చిన్న ల్యాప్‌టాప్‌లో పార్టిషన్లు కలపడం మొదటి నుంచి చివరి దాకా

మా బావకి దామలచెరువులో మామిడికాయల మండీ ఉంది. తోతాపురి లోడ్లు దిగే సీజన్‌లో ఆయన ఫోన్ చేశాడంటే ఏదో కొంప మునిగినట్టే. "బామ్మర్దీ, ఈ ల్యాప్‌టాప్ సి నిండిపోయిందంటాంది, బిల్లు కూడా ప్రింట్ కాలేదు. డిలో చూస్తే నూటిరవై జీబీ జాగా ఉండాది. ఆ జాగా తీసి దీనికి ఇయ్యలేమా?" అన్నాడు. ఇవ్వొచ్చు బావా, ఆదివారం తిరుపతికి తీసుకురా అన్నాను. ఆ ఆదివారం చేసిన పనే ఇక్కడ రాస్తున్నాను, మధ్యలో ఇంకో నలుగురి మెషిన్లలో ఎదురైన తేడాలు కూడా కలిపి.

ముందు ఒక మాట. పార్టిషన్ అంటే ఒకే డిస్క్‌ని గీత గీసి విడగొట్టిన భాగం, బావ మెషిన్‌లో సి, డి అవే. విండోస్‌లో "కలుపు" అనే బటన్ లేదు. మనం కలపడం అంటున్నది నిజానికి మూడు పనులు: డిలో ఉన్నదంతా బయటికి తీయడం, డిని చెరిపేయడం, ఖాళీ అయిన జాగాలోకి సిని సాగదీయడం. రెండు డ్రైవ్‌ల ఫైళ్లు వాటంతటవే ఒకచోట చేరవు. ఇది తెలియక డిని డిలీట్ చేస్తే ఫైళ్లన్నీ సిలోకి వచ్చేస్తాయనుకుని నొక్కినవాళ్లని చూశాను.

బావది పద్నాలుగు అంగుళాల ల్యాప్‌టాప్, 256 జీబీ ఎస్సెస్డీ (పాత హార్డ్ డిస్క్‌కి బదులు వచ్చే చిప్‌ల డిస్క్). డబ్బా మీద 256 ఉన్నా విండోస్‌లో 238 అనే కనిపిస్తుంది. కంపెనీ వెయ్యి లెక్కన కొలుస్తుంది, విండోస్ 1024 లెక్కన కొలుస్తుంది, అంతే తేడా, ఎవరూ తినేయలేదు. ఆ 238లో కొన్న షాపువాళ్లు సికి 80 ఇచ్చి మిగతాదంతా డికి పెట్టారు. పాత హార్డ్ డిస్క్‌ల కాలం నుంచి వస్తున్న అలవాటు ఇది: వైరస్ వస్తే సి ఒక్కటే ఫార్మాట్ కొట్టి విండోస్ మళ్లీ వేసుకోవచ్చు, డిలో ఫోటోలు భద్రంగా ఉంటాయి. అప్పట్లో సరే. ఇప్పుడు ప్రోగ్రాములు, అప్‌డేట్లు, వాట్సాప్ ఫైళ్లు అన్నీ సిలోనే పడతాయి కాబట్టి 80 జీబీ రెండేళ్లకే ఊపిరాడకుండా అవుతుంది. డిలో పెట్టాం కదా, బ్యాకప్ ఉన్నట్టే అనుకునేవాళ్లకి ఒక మాట, రెండూ ఒకే డిస్క్ మీదున్న గీతలు, డిస్క్ పోతే రెండూ పోతాయి.

అసలు కలపాలా?

పది జీబీ దొరికితే చాలనుకుంటే ఈ తలనొప్పి వద్దు. సెట్టింగ్స్‌లో సిస్టమ్, స్టోరేజ్, టెంపరరీ ఫైల్స్ అని వెళ్తే పాత విండోస్ మిగుల్చుకున్న ఫైళ్లు ఒక్కోసారి పది ఇరవై జీబీ దొరుకుతాయి. డౌన్‌లోడ్స్ ఫోల్డర్ మీద రైట్ క్లిక్, ప్రాపర్టీస్, లొకేషన్ ట్యాబ్, అక్కడ మూవ్ నొక్కి డిలోకి మార్చేయొచ్చు, ఐదు నిమిషాల పని. 32, 64 జీబీ స్టోరేజ్ ఉండే పదకొండు అంగుళాల బుల్లి ల్యాప్‌టాప్‌లలో మామూలుగా డి అనేదే ఉండదు, అక్కడ కలపడానికి ఏమీ లేదు.

ఇంకొక రకం ఉంది: 128 జీబీ ఎస్సెస్డీ, దానితో పాటు ఒక టీబీ హార్డ్ డిస్క్. అక్కడ సి ఒక డిస్క్, డి ఇంకో డిస్క్. వాటిని కలపాలని చూడకండి. డైనమిక్ డిస్క్‌గా మారుస్తానని విండోస్ ఒక హెచ్చరిక చూపిస్తే నో నొక్కి బయటికి వచ్చేయండి. ఎస్ నొక్కితే వెనక్కి రావడం కష్టం, అలా అతికించినవాటిలో ఒక డిస్క్ పాడైతే మొత్తం పోతుంది.

బావ కేసులో శుభ్రం చేసినా ఆరు జీబీకి మించి దొరకలేదు. సరే, కలపాల్సిందే.

బొమ్మ చూడకుండా చెయ్యి పెట్టొద్దు

విండోస్ కీ, ఎక్స్ కలిపి నొక్కితే ఒక మెనూ వస్తుంది, అందులో డిస్క్ మేనేజ్‌మెంట్. తెరవగానే కింద భాగంలో డిస్క్ 0 అని రాసి దాని పక్కన పెట్టెలు వరసగా ఉంటాయి. ఎడమ నుంచి కుడికి ఏది ఎక్కడుందో ఒక కాగితం మీద గీసుకోండి, సైజులతో సహా. ఫోన్‌తో ఫోటో తీసుకున్నా చాలు. బావ మెషిన్‌లో వరస ఇది: ముందు 100 ఎంబీ ఈఎఫ్‌ఐ (మెషిన్ స్టార్ట్ అవ్వడానికి కావాల్సిన చిన్న భాగం), తర్వాత సి 80 జీబీ, తర్వాత 700 ఎంబీ రికవరీ పార్టిషన్, ఆ తర్వాత డి.

మధ్యలో ఉన్న ఆ 700 ఎంబీ గురించే నెట్‌లో సగం మంది జుట్టు పీక్కునేది. ఎందుకో చెప్తాను.

రేణిగుంట రోడ్డు వైపు లేఔట్లలో ప్లాటు కొన్నవాళ్లకి ఇది ఇట్టే అర్థమవుతుంది. మీ ప్లాటు, పక్క ప్లాటు ఆనుకుని ఉంటే మధ్య గోడ కొట్టేసి ఒకటి చేసుకోవచ్చు. రెండింటి మధ్య ఇరవై అడుగుల రోడ్డు వెళ్తుంటే, పక్క ప్లాటు మీదే అయినా కలవదు. విండోస్ డిస్క్ మేనేజ్‌మెంట్ సిని కుడివైపుకే సాగదీయగలదు, అదీ సికి ఆనుకుని అన్‌అలకేటెడ్ (ఏ పార్టిషన్‌కీ ఇవ్వని) జాగా ఉంటేనే. మధ్యలో రికవరీ అనే రోడ్డు ఉందంటే సి మీద రైట్ క్లిక్ చేసినా ఎక్స్‌టెండ్ వాల్యూమ్ అన్నది బూడిద రంగులో వెలవెలబోతూ ఉంటుంది, నొక్కనివ్వదు.

ఇంకో భ్రమ ఇక్కడే ఉంది. "డిని చెరపడం ఎందుకు, ష్రింక్ చేసి (కుదించి) ఓ యాభై జీబీ తీసి సికి ఇద్దాం" అని చాలామంది మొదలుపెడతారు. ష్రింక్ చేస్తే జాగా డికి కుడి చివర ఖాళీ అవుతుంది. సి ఉన్నది డికి ఎడమ వైపు. అంటే ఖాళీ జాగాకీ సికీ మధ్య డి మొత్తం అడ్డం. మళ్లీ అదే బూడిద రంగు. అందుకే డిని పూర్తిగా తీసేయడం తప్ప విండోస్ సొంత పనిముట్టుతో వేరే దారి లేదు.

వరసలో సి పక్కనే డి ఉంటే మీరు అదృష్టవంతులు, కింద రికవరీ గురించి రాసినదంతా వదిలేయండి.

డిని ఖాళీ చేయడం

మొత్తం పనిలో ఎక్కువ టైం పట్టేది, పట్టాల్సింది ఇక్కడే. మిగతా అంతా పది నిమిషాలు.

నా సొంత పాపం ఒకటి చెప్పుకుంటాను. చాలా ఏళ్ల కిందట నా పాత మెషిన్‌లో ఇదే పని చేస్తూ, డి మొత్తం సెలెక్ట్ చేసి 64 జీబీ పెన్‌డ్రైవ్‌లోకి కాపీ పెట్టి టీకి వెళ్లాను. వచ్చేసరికి ఒక ఫైల్ దగ్గర ఆగి ఏదో అడుగుతోంది, చదవకుండా స్కిప్ కొట్టాను. డి చెరిపేశాక తెలిసింది ఆ ఫైల్ తిరుచానూరులో జరిగిన మా అక్క పెళ్లి వీడియో అని. పెన్‌డ్రైవ్ ఫ్యాట్ 32 ఫార్మాట్‌లో ఉంది, అందులో 4 జీబీకి మించిన ఫైల్ ఒక్కటి కూడా పట్టదు, పెళ్లి వీడియో ఆరు జీబీ. ఆ పెళ్లికొడుకే ఈ బావ. ఆయన దగ్గర ఆ సంగతి ఇప్పటికీ నేను ఎత్తను.

కాబట్టి: బయటి హార్డ్ డిస్కో, పెన్‌డ్రైవో పెట్టి, దాని మీద రైట్ క్లిక్, ప్రాపర్టీస్‌లో ఫైల్ సిస్టమ్ ఏముందో చూడండి. ఎన్‌టీఎఫ్‌ఎస్ లేదా ఎక్స్‌ఫ్యాట్ ఉంటే ఇబ్బంది లేదు. డి తెరిచి, వ్యూ మెనూలో హిడెన్ ఫైళ్లు కనిపించేలా టిక్ పెట్టండి. కంట్రోల్ ఏ, కంట్రోల్ సి. కట్ వద్దు, కాపీయే, మధ్యలో కరెంటు పోయినా కేబుల్ కదిలినా అసలు కాపీ ఉన్నచోటే ఉంటుంది. అయ్యాక రెండువైపులా సెలెక్ట్ చేసి ప్రాపర్టీస్‌లో ఫైళ్ల సంఖ్య పోల్చి చూడండి. అంకెలు కలవకపోతే ఏది రాలేదో వెతకండి, "ఏదో ఒకటిలే" అనుకోవద్దు. తర్వాత ఆ డిస్క్‌ని వేరే కంప్యూటర్‌కి పెట్టి నాలుగైదు ఫైళ్లు తెరిచి చూస్తే మనసు కుదుటపడుతుంది.

డిలో ఫైళ్లే కాదు, కనిపించని వేర్లు కూడా ఉంటాయి. డాక్యుమెంట్స్, పిక్చర్స్ ఫోల్డర్లని ఎవరైనా ఎప్పుడో డిలోకి మార్చి ఉండొచ్చు, వాటి ప్రాపర్టీస్‌లో లొకేషన్ ట్యాబ్ చూసి రిస్టోర్ డిఫాల్ట్ నొక్కండి. డిలో ఇన్‌స్టాల్ చేసిన ప్రోగ్రాములు ఉంటే కాపీ చేసి లాభం లేదు, అన్‌ఇన్‌స్టాల్ చేసి తర్వాత సిలో మళ్లీ వేసుకోవాలి. బావ అకౌంటింగ్ సాఫ్ట్‌వేర్ సిలోనే ఉంది కానీ డేటా ఫోల్డర్ డిలో ఉంది. రైతుల లెక్కలు, కమీషన్ లెక్కలు, మూడు సీజన్లవి. అది ఒక్కటే వేరుగా ఇంకో పెన్‌డ్రైవ్‌లో, ఆయన మెయిల్‌లో కూడా పెట్టించాను. "అంత భయమేంది?" అన్నాడు. నేను పెళ్లి వీడియో గురించి చెప్పలేదు.

ఎస్సెస్డీలో చెరిపినదాన్ని రికవరీ సాఫ్ట్‌వేర్‌తో తెచ్చుకోవచ్చనే ఆశ పెట్టుకోకండి. ట్రిమ్ అనే ఏర్పాటు వల్ల, చెరిపిన చోటుని డిస్క్ తనంతట తనే తుడిచేసుకుంటుంది. పాత హార్డ్ డిస్క్‌లో ఉన్నంత అవకాశం ఇక్కడ లేదు.

మొదలుపెట్టే ముందు ఇంకో రెండు

ఛార్జర్ పెట్టండి. బ్యాటరీ కూడా సగానికి పైన ఉండాలి, ఎందుకంటే వేసవిలో కరెంటు ఎప్పుడు పోతుందో ఎవరు చెప్పగలరు.

రెండోది ఎన్‌క్రిప్షన్, అంటే కీ లేకుండా ఎవరూ చదవలేకుండా డిస్క్‌కి వేసే తాళం. విండోస్ 11తో వచ్చి, మైక్రోసాఫ్ట్ అకౌంట్‌తో లాగిన్ అయిన ల్యాప్‌టాప్‌లలో డివైస్ ఎన్‌క్రిప్షన్ మనకు తెలియకుండానే ఆన్ అయి ఉండొచ్చు. సెట్టింగ్స్‌లో ప్రైవసీ అండ్ సెక్యూరిటీ కింద చూడండి. ఆన్‌లో ఉంటే, 48 అంకెల రికవరీ కీ మీ మైక్రోసాఫ్ట్ అకౌంట్ పేజీలో ఉంటుంది, దాన్ని కాగితం మీద రాసుకోండి. పార్టిషన్లు కదిపాక స్టార్ట్ చేస్తే నీలం తెర మీద ఆ కీ అడగొచ్చు, లేకపోతే అక్కడే ఇరుక్కుంటారు. రికవరీ పార్టిషన్‌ని కూడా ముట్టుకోబోతుంటే నా సలహా, ముందు ఎన్‌క్రిప్షన్ ఆఫ్ చేసి, అది పూర్తిగా అయ్యేదాకా ఆగి, పని అయ్యాక మళ్లీ ఆన్ చేసుకోండి.

హార్డ్ డిస్క్ ఉన్న పాత మెషిన్ అయితే, డిస్క్ టక్ టక్ మని శబ్దం చేస్తోందా? అయితే పార్టిషన్ల మాట మరిచిపోయి ఉన్న డేటా కాపీ చేసుకుని కొత్త డిస్క్ కొనుక్కోండి.

డి చెరపడం

డిస్క్ మేనేజ్‌మెంట్‌లో డి పెట్టె మీద రైట్ క్లిక్, డిలీట్ వాల్యూమ్. అక్షరం డి అవునా కాదా, సైజు మీ కాగితం మీద రాసుకున్నదేనా అని ఇంకోసారి చూసి ఎస్. పెట్టె మీది నీలం గీత నల్లగా మారి అన్‌అలకేటెడ్ అని వస్తుంది. వాడుకలో ఉంది అని మొరాయిస్తే డిలోని ఏదో ఫైల్ తెరిచి ఉందని అర్థం, లేదా పేజింగ్ ఫైల్ (ర్యామ్ చాలనప్పుడు విండోస్ వాడుకునే ఫైల్) డిలో పెట్టి ఉన్నారని. రెండోదైతే అడ్వాన్స్‌డ్ సిస్టమ్ సెట్టింగ్స్‌లో పర్ఫార్మెన్స్, వర్చువల్ మెమరీలోకి వెళ్లి డికి నో పేజింగ్ ఫైల్ పెట్టి రీస్టార్ట్ చేయండి.

ఎంబీఆర్ అనే పాత పార్టిషన్ల పద్ధతిలో ఉన్న ల్యాప్‌టాప్‌లలో చిన్న మెలిక. అక్కడ డి చుట్టూ ఆకుపచ్చ గీత ఉంటుంది, ఎక్స్‌టెండెడ్ పార్టిషన్ అనే పెద్ద పెట్టెలో డి ఒక చిన్న పెట్టె. డిని చెరిపితే నల్లగా కాకుండా లేత ఆకుపచ్చగా ఫ్రీ స్పేస్ అని వస్తుంది, అది సికి పనికిరాదు. అదే చోట ఇంకోసారి రైట్ క్లిక్ చేసి డిలీట్ పార్టిషన్ అంటే అప్పుడు నల్లబడుతుంది. ఆ పెద్ద పెట్టెలో డి పక్కన ఈ (E) అనే ఇంకో డ్రైవ్ కూడా ఉంటే దాన్నీ ఖాళీ చేసి చెరిపాకే ఇది కుదురుతుంది.

రోడ్డు తీయడం

ఇప్పుడు సికీ నల్ల జాగాకీ మధ్య రికవరీ మిగిలింది. డిస్క్ మేనేజ్‌మెంట్‌లో దాని మీద రైట్ క్లిక్ చేస్తే హెల్ప్ తప్ప ఏమీ రాదు. విండోస్ స్టార్ట్ కానప్పుడు రిపేర్ చేసే సామాను అందులో ఉంటుంది కాబట్టి ఊరికే ముట్టుకోనివ్వదు.

రెండు దారులున్నాయి. ఒకటి, జీపార్టెడ్ లాంటి ఉచిత సాఫ్ట్‌వేర్‌ని పెన్‌డ్రైవ్‌లో పెట్టి, విండోస్‌తో కాకుండా దాంతోనే ల్యాప్‌టాప్ స్టార్ట్ (బూట్) చేసి, రికవరీ పెట్టెని కుడి చివరికి జరపడం. 700 ఎంబీ జరపడం నిమిషాల పని. దీనికి ఓపిక ఉంటే ఇదే మంచి పద్ధతి, రికవరీ విడిగా ఉంటుంది, ఎన్‌క్రిప్షన్ మళ్లీ ఆన్ చేసుకున్నా దానికేం కాదు. ఇదే సాఫ్ట్‌వేర్‌తో ఫైళ్లున్న డిని కూడా కుడికి జరపొచ్చు కానీ వంద జీబీ డేటా కదపడానికి గంటలు పడుతుంది, మధ్యలో కరెంటు పోతే డేటా మీద ఆశ వదులుకోవాల్సిందే. నేనైతే చేయను.

రెండోది, బావ మెషిన్‌లో చేసింది. ఎన్‌క్రిప్షన్ లేని మెషిన్‌కే ఇది. రికవరీ సామానుని సిలోకే తెచ్చుకుని, ఆ పార్టిషన్‌ని తీసేయడం. స్టార్ట్‌లో సీఎండీ అని కొట్టి, కమాండ్ ప్రాంప్ట్‌ని రన్ యాజ్ అడ్మినిస్ట్రేటర్‌గా తెరవండి. ఇక్కడ తెలుగులో రాస్తున్న మాటలన్నీ అక్కడ ఇంగ్లీషులో కొట్టాలి.

మొదటిది రీఏజెంట్‌సి. స్పెల్లింగ్ ఆర్, ఈ, ఏ, జి, ఈ, ఎన్, టి, సి, అన్నీ కలిపి. దాని తర్వాత ఒక స్పేస్, ఒక స్లాష్, ఇన్ఫో. ఇది రికవరీ ఆన్‌లో ఉందో లేదో, ఎన్నో నంబర్ పార్టిషన్‌లో ఉందో చెబుతుంది. బావదాంట్లో పార్టిషన్ 4 అని వచ్చింది, రాసుకున్నాను. తర్వాత అదే మాట, స్లాష్, డిసేబుల్. ఇది కొట్టగానే రికవరీ ఫైల్ సిలో విండోస్, సిస్టమ్ 32, రికవరీ ఫోల్డర్‌లోకి వస్తుంది. హిడెన్ ఫైళ్లు కనిపించేలా పెట్టి ఆ ఫోల్డర్‌లో విన్‌ఆర్‌ఈ అనే ఫైల్ కొన్ని వందల ఎంబీలతో ఉందా అని చూడండి. లేకపోతే అక్కడితో ఆగి, స్లాష్ ఎనేబుల్ కొట్టి వెనక్కి వెళ్లిపోండి, ముందుకు వెళ్లొద్దు.

ఉంటే, డిస్క్‌పార్ట్ అని కొట్టి ఎంటర్. లోపల ఒక్కొక్కటి: లిస్ట్ డిస్క్, సెలెక్ట్ డిస్క్ 0, లిస్ట్ పార్టిషన్. పెన్‌డ్రైవ్‌లు, బయటి డిస్క్‌లు అన్నీ ముందే పీకేయండి, డిస్క్ నంబర్ పొరపాటు పడకుండా. లిస్ట్‌లో రికవరీ అని, 700 ఎంబీ అని, ఇందాక రాసుకున్న నంబర్‌తో ఉన్నది ఏదో చూసుకోండి, మూడూ కలవాలి. కొన్ని బ్రాండెడ్ ల్యాప్‌టాప్‌లలో రికవరీ పేరుతోనే పది పన్నెండు జీబీది ఇంకోటి ఉంటుంది, అది ఫ్యాక్టరీ రీసెట్ కోసం కంపెనీ పెట్టింది, దాని జోలికి వెళ్లొద్దు. సెలెక్ట్ పార్టిషన్ 4. చివరిగా డిలీట్ పార్టిషన్ ఓవర్‌రైడ్. ఎస్ ఆర్ నో కూడా అడగదు ఇక్కడ, ఎంటర్ నొక్కితే పోయినట్టే, అందుకే వేలు పెట్టే ముందు పైనున్న లైన్ మళ్లీ చదవండి. ఎగ్జిట్.

సాగదీయడం

మళ్లీ డిస్క్ మేనేజ్‌మెంట్. సి పక్కనే ఒకే నల్ల పెట్టె. సి మీద రైట్ క్లిక్ చేస్తే ఎక్స్‌టెండ్ వాల్యూమ్ ఇప్పుడు నల్లటి అక్షరాలతో వెలుగుతుంది. నొక్కి నెక్స్ట్, ఉన్న జాగా అంతా అదే ఎంచుకుని ఉంటుంది, ఎంబీల్లో పెద్ద అంకె చూసి కంగారుపడొద్దు, నెక్స్ట్, ఫినిష్. కొద్ది సెకన్లలో అయిపోతుంది. సిలో ఉన్న ఫైల్ ఒక్కటి కూడా కదలదు, సరిహద్దు గీత మాత్రమే జరుగుతుంది.

మన దారి రెండోదైతే, కమాండ్ ప్రాంప్ట్‌లో రీఏజెంట్‌సి స్లాష్ ఎనేబుల్, తర్వాత స్లాష్ ఇన్ఫో. ఎనేబుల్డ్ అని, సి ఉన్న పార్టిషన్ నంబర్‌తో చూపించాలి. బిట్‌లాకర్ (విండోస్ సొంత ఎన్‌క్రిప్షన్) ఉన్న వాల్యూమ్‌లో రికవరీని ఎనేబుల్ చేయలేమని తిడితే, ఎన్‌క్రిప్షన్ ఆఫ్ చేయలేదన్నమాట. మొదటి దారిలో వచ్చినవాళ్లు కూడా, పార్టిషన్ జరిపాక డిసేబుల్, ఎనేబుల్ ఒకసారి కొట్టి ఇన్ఫో చూసుకోవడం మంచిది. రీస్టార్ట్ చేసి, సి ప్రాపర్టీస్‌లో టూల్స్ ట్యాబ్, చెక్ నొక్కి తప్పులేమైనా ఉన్నాయేమో చూడండి.

బావ సి 238 జీబీ అయింది. సిలో మండీ అని ఒక ఫోల్డర్ చేసి, లెక్కలు అందులో పెట్టి, అకౌంటింగ్ సాఫ్ట్‌వేర్‌లో డేటా దారి మార్చాను. డెస్క్‌టాప్ మీద డిని చూపించే పాత షార్ట్‌కట్‌లు పనిచేయవు, వాటిని తీసేసి కొత్తవి పెట్టాను. బయటి డిస్క్‌లోని కాపీని కనీసం నెల రోజులు చెరపొద్దని చెప్పి పంపించాను.

మూడో రోజు మళ్లీ ఫోన్. "బామ్మర్దీ, డి తీసేశానంటివి, మళ్లొచ్చేసిందే!" నాకు గుండె ఆగినంత పనైంది. ఏముంది అందులో అంటే, "పాటలు" అన్నాడు. డి అక్షరం ఖాళీ అయింది కదా, కారులో పాటల కోసం పెట్టుకునే పెన్‌డ్రైవ్ గుచ్చగానే విండోస్ ఆ అక్షరాన్ని దానికి ఇచ్చేసింది.